రెండో పిలుపు

మా మెట్లు కడగడానికి వచ్చే సింహాచలమ్మను నేను మొదటిసారి పేరు పెట్టి పిలిచినప్పుడు ఆమె పలకలేదు. నాకు రెండు మెట్లు కిందనే ఉంది. చెవుడేమో అనుకుని మళ్ళీ పిలిచాను. "ఏటమ్మా" అని వెంటనే తలెత్తింది. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అంతే. మొదటి పిలుపు ఆమెను దాటుకుని, పక్కనున్న ఇంకెవరి దగ్గరికో వెళ్ళినట్టుండేది.

అది 2006. మావారికి బ్యాంకులో బదిలీ అయి తెనాలి నుంచి కలకత్తా వచ్చాం. భవానీపూర్‌లో అద్దెకుండేవాళ్ళం. సింహాచలమ్మకు అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు. కార్పొరేషన్‌లో నలభై ఏళ్ళు వీధులూడ్చి రిటైరయింది. భర్త పెద్దిరాజు కిదిర్‌పూర్ ఓడరేవు డాకుల్లో మోతపని చేసేవాడట, పోయి చాలా కాలమైంది. కొడుకు మల్లేశు షాలిమార్ గూడ్సు యార్డులో పనిచేస్తూ సంత్రాగాఛిలో కాపురముంటున్నాడు. రమ్మంటే వెళ్ళకుండా, పాత క్వార్టర్ల వెనక ఒక్క గదిలో ఉంటూ, ఊరికే కూర్చోలేక మా వీధిలో రెండిళ్ళ మెట్లు కడిగేది. ఆ చుట్టుపక్కల బెంగాలీలు ఆమెను 'దుబార్ మాశీ' అనేవాళ్ళు. దుబార్ అంటే రెండుసార్లని, మాశీ అంటే పిన్ని అని. పొద్దున్నే హాజరు వేసే బాబు అందరి పేర్లూ ఒకసారి, ఈమె పేరు రెండుసార్లు పిలిచేవాడట. అలా ఆ పేరు నిలిచిపోయింది.

"ఎందుకలా పెద్దమ్మా?" అని ఒకనాడు అడిగాను.

"మాయమ్మ అలవాటు సేసినాది. మొదటి పిలుపుకి పలకొద్దనీది."

"దెయ్యాలు పిలుస్తాయనా?"

"ఏమో, సెప్పలేదు. పలకొద్దనీది, అంతే."

ఆ రోజుల్లో మధ్యాహ్నాలు నాకో పని ఉండేది. ఎప్పటివో రిజిస్టర్లు, ఓడల జాబితాలు, శ్మశానాల పుస్తకాలు ఫొటోలు తీసి ఇంటర్నెట్లో పెట్టే ఒక బృందం ఉంది. తమ తాతముత్తాతల జాడ వెతుక్కునేవాళ్ళు ఎవరైనా వచ్చి ఉచితంగా చూసుకోవచ్చు. ఆ ఫొటోల్లోని చేతిరాత చదివి, పేర్లు టైపు చేసి పెట్టడానికి నాలాంటివాళ్ళు దేశదేశాల్లో ఉన్నారు. నాకు తెలుగు పేర్లున్న పేజీలు పంపేవాళ్ళు. తెల్లదొరలు రాసుకున్న స్పెల్లింగుల్లోంచి అప్పలనర్సినీ, ఎర్రన్నాయుణ్ణీ బయటికి లాగడం నాకు బాగానే పట్టుబడింది.

సింహాచలమ్మ ఒకసారి గడపలో నిలబడి కంప్యూటర్ తెర వైపు చూసింది. "ఏటమ్మా, రోజూ సదూతావు?"

చెప్పాను. ఆమె కాసేపు చీపురు చేతిలో తిప్పుతూ నిలబడింది. "అందలో రంగంవోళ్ళుంటారా?"

రంగం అంటే రంగూన్. శ్రీకాకుళం సముద్రం పక్క ఊళ్ళవాళ్ళు ఒకప్పుడు వేలకొద్దీ వెళ్ళి అక్కడి ఓడరేవులో కూలిపని చేశారు. వాళ్ళను అక్కడ కోరంగీలనేవాళ్ళు. సింహాచలమ్మ తల్లి గురవమ్మ, తండ్రి గవరయ్య భావనపాడు నుంచి అలా వెళ్ళినవాళ్ళే. నలభై రెండులో జపాను బాంబులు పడ్డప్పుడు గవరయ్య, "మీరు నడవండి, నాను ఎనకాల ఓడకొత్తాను" అని రేవులో ఉండిపోయాడట. తల్లీకూతుళ్ళు జనంతోపాటు కొండలెక్కి దిగి, నెలల తరబడి నడిచి, చివరికి రైలెక్కి కలకత్తా చేరారు. తండ్రి ఏ ఓడకీ రాలేదు.

"ఆయన పేరెక్కడైనా ఉందేమో సూడమ్మా. సచ్చిపోనాడని రాసున్నా పరవానేదు. తెలిస్తే సాలు."

మర్నాటి నుంచి పని అయ్యాక వచ్చి నా కుర్చీ పక్కన నేలమీద కూర్చునేది. వద్దన్నా కుర్చీ ఎక్కేది కాదు. కొంగులో ముఢీ, అంటే మరమరాలు, మూటకట్టుకుని వచ్చి ఒక్కొక్క గింజే తింటూ, నేను పేజీలు తిప్పుతుంటే తన కథ చెప్పేది. దారిలో జరిగిందేదీ ఆమెకు గుర్తులేదు. కలకత్తా వచ్చాక కూడా ఆరేళ్ళొచ్చేవరకూ నోట మాట రాలేదట. డాకుల్లో పనిచేసే బంగారయ్య అనే దూరపు బంధువు గురవమ్మకు కార్పొరేషన్‌లో పని చూపించాడు. ఆ జీతంతోనే ఆమె పిల్లను పెంచింది.

"బాగా సూసుకునీదా?"

"బాగానే సూసీది. కొట్టీది కాదు, తిట్టీది కాదు. కాని అమ్మా, నన్ను సూసినప్పుడు ఆ సూపు నామీద ఆగీది కాదు."

గురవమ్మ అన్నం కలిపితే మొదటి ముద్ద పక్కన పెట్టేదట. కాకికి కూడా వేయనిచ్చేది కాదు. పండక్కి గాజులు కొంటే చిన్నచేతికి సరిపోయేవి ఇంకో జత కొనేది. సింహాచలం చేతులు పెరిగాయి, ఆ రెండో జత కొలత మాత్రం ఎన్నేళ్ళైనా పెరగలేదు. దీపాలు పెట్టే వేళకి క్వార్టర్ల వసారాలోకి వెళ్ళి "సింహాచలం" అని ఒకసారి పిలిచేది. కూతురు పక్కనే కూర్చుని ఉన్నా సరే. పిలిచి, చెవి ఒగ్గి కాసేపు నిలబడేది. ఆ తర్వాత వెనక్కి తిరిగి, ఈమెను చూసి రెండోసారి పిలిచేది.

"తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి మొదటి పిలుపుకే పలికీసినాను. ఆడుకుంటా మర్సిపోనాను. అమ్మ ఏమీ అన్నేదు. అక్కడే కూలబడిపోయి ఏడిసినాది. రెండ్రోజులు నా మొకం సూడనేదు."



గవరయ్య దొరకలేదు. నాలుగు వారాలు వెతికాను. రంగూన్ నుంచి బయల్దేరిన ఓడల్లో లేడు, రేవు కూలీల జాబితాలో లేడు. అప్పుడు మణిపూరు కొండల దారిలో కాందిశీకులకు వేసిన ఒక శిబిరం తాలూకు పుస్తకం నా వంతుకు వచ్చింది. నలభై రెండు ఏప్రిల్. ఆ నెలంతా కలరా. పేజీ నిండా మరణాలే. తండ్రి పేరుగానైనా గవరయ్య కనిపిస్తాడేమోనని వేలు పెట్టి కిందికి దిగుతున్నాను. కనిపించాడు.

"సిమచెలమ్, ఆడ, నాలుగేళ్ళు, కోరంగీ, తండ్రి గవరయ్య, తల్లి గురవమ్మ, ఊరు బావనపాడ్." చివరి గడిలో ఏప్రిల్ పంతొమ్మిది, ఉదయం. పూడ్చిపెట్టిన వరస నంబరు.

పక్కన నేలమీద ముఢీ నమిలే చప్పుడు వినిపిస్తోంది. నేను వెంటనే తల తిప్పలేకపోయాను. తిప్పితే అక్కడ ఎవరుంటారో అనిపించింది. పట్టపగలు, కిటికీ కింద రిక్షా బెల్లు మోగుతోంది, అయినా అలా అనిపించింది.

"ఉన్నాడా అమ్మా?" అంది.

"లేదు పెద్దమ్మా" అన్నాను. అది అబద్ధం కాదు.

ఆ తర్వాత మూడు వారాలు ఆమెకు ఆ సంగతి చెప్పలేదు. ఆమె మెట్లు కడుగుతుంటే చప్పుడు వినేదాన్ని. పిలవాల్సి వస్తే పేరు లేకుండా "పెద్దమ్మా" అని మాత్రమే పిలిచేదాన్ని. ఒక్కసారి అలవాటుగా "సింహాచలమ్మా" అన్నాను. ఆమె పలకలేదు. రెండోసారి పిలవడానికి నోరు రాలేదు. మొదటి పిలుపు ఎవరిదో నాకు తెలుసు, ఆమెకు తెలియదు.

ఎవరైనా పొరపాటున రాశారేమో అనుకున్నాను. అందుకే అదే శిబిరం తాలూకు మిగతా పుస్తకాలు పంపమని అడిగాను. మూడోదానిలో ఉంది. దిక్కులేకుండా దొరికిన పిల్లలను ఎవరికి అప్పగించారో రాసిన సన్నటి పుస్తకం అది. తేదీ అదే, ఏప్రిల్ పంతొమ్మిది. సాయంత్రం. "ఆడపిల్ల, సుమారు నాలుగేళ్ళు. పేరు తెలియదు. ఏ భాషలో అడిగినా మాట్లాడదు. కోరంగీ స్త్రీ గురవమ్మ తనదని చెప్పి తీసుకుంది." కింద నల్లగా ఒక వేలిముద్ర.

పొద్దున కూతుర్ని పూడ్చింది. సాయంత్రానికి ఆ పేరును ఇంకో పిల్లకు పెట్టి కొండ దిగింది.

ఆ ఆదివారం సింహాచలమ్మను బలవంతంగా కుర్చీలో కూర్చోబెట్టాను. రెండు పేజీలూ చూపించి, ప్రతి గడీ చదివి, తెలుగులో చెప్పాను. చివరిదాకా విన్నది. మళ్ళీ చదవమంది. చదివాను. అప్పుడు తన బొటనవేలు చీరకు తుడుచుకుని, తెర మీద ఆ వేలిముద్ర పైన పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"అయితే ఆ పిలుపు నాది కాదన్నమాట" అంది.

"పెద్దమ్మా..."

"ఉండమ్మా. నన్ను సెప్పనీ. అమ్మ పిలిసినాక సెవి ఒగ్గి నిలబడీదన్నానా. ఊరికే నిలబడీది కాదు. పలుకొచ్చీది. నీళ్ళ పంపు కాడి నుంచి 'ఊఁ' అని. సిన్న గొంతు. నాను సెప్తే ఎవులూ నమ్మరని ఇన్నాళ్ళూ సెప్పనేదు. అది విన్నాకే అమ్మ నా ఎనక్కి తిరిగీది. అమ్మ సచ్చిపోనాక పిలిసీవోళ్ళూ నేరు, పలికీవోళ్ళూ నేరు."

నేను మంచినీళ్ళిచ్చాను. గ్లాసు పట్టుకుంది కాని తాగలేదు.

"అమ్మ డెబ్బైతొమ్మిదిలో పోనాది. ఆసుపత్రిలో నేలమీద పక్కేసినారు. నాను కాళ్ళ కాడ కూకున్నాను. తెల్లారీ వేళకి కళ్ళిప్పి 'సింహాచలం' అన్నాది. నాను రెండో పిలుపు కోసం సూత్తన్నాను. సూత్తానే ఉన్నాను. అది రానేదు. ఒక్కసారి పిలిసి ఎల్లిపోనాది." గ్లాసు కింద పెట్టింది. "ఇరవైయేడేళ్ళమ్మా. కన్నతల్లి ఆకరి పిలుపుకి పలకనేని దాన్నని ఏ రోజు నిద్దరోనాను?"

"అది మిమ్మల్ని కాదు కదా పిలిచింది."

"కాదు. కాదంటే గుండె తేలికవ్వాల కదా" అంది. "అయినాది. అయినాది గాని, నన్నొక్కసారీ పిలవకుండా పోనాదన్నమాట."

ఆ వారం ఆమె పనికి రాలేదు. సంత్రాగాఛి వెళ్ళి కొడుకుతో గొడవపడింది. చచ్చిపోయిన పిల్లకు అరవైనాలుగేళ్ళుగా ఎవరూ ఏమీ చెయ్యలేదు, నువ్వు పిండం పెట్టమని అడిగింది. మల్లేశు ఒప్పుకోలేదు. నెమ్మదైనవాడు, తల్లి మాట ఎప్పుడూ కాదనలేదట. ఆ తర్వాత నా దగ్గరకు వచ్చి తలవంచుకుని చెప్పాడు.

"అయ్యవారు పేరడుగుతాడమ్మా. సింహాచలం, తండ్రి గవరయ్య అని సెప్పాల. అది మాయమ్మ పేరు. పక్కనే బతికున్న మనిసి పేరున నువ్వులొదిలితే, అయి ఎవులికి సేరతాయో ఎవులికి తెలుసు?"

అతను అన్నది తప్పని నేను అనలేకపోయాను.

చివరికి ఆమె ఎవర్నీ అడగలేదు. ఒక ఆదివారం పొద్దున్నే నన్ను తోడు రమ్మంది. ట్రాములో ధర్మతల్లా దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి బాబూఘాట్‌కు నడిచాం. గంగ పోటు మీద ఉంది. నూనె రాయించుకునేవాళ్ళు, స్నానాలవాళ్ళు, అవతల హౌరా పడవలు. సింహాచలమ్మ ఆ సందడికి దూరంగా కింది మెట్టు మీద ఆకు పరిచింది. వేడన్నం, బెల్లం, ఎండుచేప ముక్క పెట్టింది. పక్కన చిన్నచేతి గాజులు ఒక జత. కొత్తవి, అంతకుముందు రోజు కొన్నవి. మంత్రం లేదు, దర్భ లేదు.

నిలబడి, నీళ్ళ వైపు తిరిగి, "సింహాచలం" అని ఒకసారి పిలిచింది.

గట్టిగా కాదు. వసారాలోంచి ఆడుకునే పిల్లను అన్నానికి పిలిచినట్టు పిలిచింది. చెవి ఒగ్గి నిలబడింది.

నాకేమీ వినపడలేదు, ఉన్నదున్నట్టు చెబుతున్నాను. నీళ్ళు మెట్లకు తగిలే చప్పుడు, దూరంగా పడవ కూత, అంతే. కాని ఆమె ముఖం మారింది. ఎవరో చెప్పేది వింటున్నదానిలా కనుబొమలు దగ్గరకు చేర్చి, తల ఒకపక్కకు వంచి, కాసేపటికి నెమ్మదిగా తల ఊపింది. అప్పుడు ఆకు నీళ్ళలోకి వదిలింది. అది ఒడ్డు పక్కనే ఒక చుట్టు తిరిగి లోపలికి పోయింది.

రెండోసారి పిలవలేదు. వెనక్కి వస్తుంటే ట్రాములో, "మా అమ్మ దానికాడే ఉందంట" అంది.

ఆ తర్వాత ఆమె పనిలోకి వచ్చింది. కాని ఇంకో సంగతి మొదలైంది. "మరి నానెవుల్ని?" అని అడిగేది. మెట్టు మీద నీళ్ళు పోసి, గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయేది. "నా భాస ఏటో? నన్ను ఏటని పిలిసీవోరో?" తెలుగు తప్ప వేరే మాట లోపలెక్కడైనా ఉందేమోనని రోజంతా వెతుక్కునేదట. దొరికేది కాదు.

ఇంటర్నెట్లో ఆ పేజీల కింద ఎవరైనా ఒక మాట రాయొచ్చు. ఆమెను అడిగి, రాశాను. "ఈ పేరు తెలియని పిల్ల బతికింది. కలకత్తాలో ఉంది" అని.

ఏడాది తిరిగేలోగా ముగ్గురు రాశారు. మొదటి ఉత్తరం కటక్ నుంచి, ఒక రిటైరైన పంతులమ్మ. ఆ దారిలోనే తప్పిపోయిన చెల్లెలు, పేరు కుంతల. రెండోది మదురై నుంచి. రాసినాయనకు ఆ పిల్ల అక్క, మరకతం. వాళ్ళమ్మ ఎనభై తొమ్మిదేళ్ళ మనిషి, ఇంకా బతికే ఉంది. మూడోది చిట్టగాంగ్ నుంచి. తాను పుట్టకముందే పోయిన అక్క నూరున్నేసా కోసం ఒక మందుల షాపాయన రాశాడు. ముగ్గురి పిల్లలకీ నాలుగేళ్ళే. ముగ్గురూ ఆ ఏప్రిల్‌లో ఆ కొండల్లోనే తప్పిపోయారు.

సింహాచలమ్మ మూడూ చదివించుకుని, ఆ పేర్లు ఒకదాని తర్వాత ఒకటి నెమ్మదిగా పలికింది. ఏదైనా తగులుతుందేమోనని ఆగి చూసుకుంది. తల అడ్డంగా ఊపింది. "ముగ్గురికీ రాయమ్మా. బతికున్నానని."

"ముగ్గురి పిల్లా మీరు కాలేరు కదా పెద్దమ్మా. ఇద్దరికి అబద్ధం చెప్పినట్టవుతుంది."

"ఏటబద్ధం? ఆ గుంటల్ని కూడా ఎవులో ఒకమ్మ ఎత్తుకునే ఉంటాది. తిండి పెట్టే ఉంటాది. అది రాయి."

అది రాయలేదు నేను. ఉన్నది ఉన్నట్టు, మీరు ముగ్గురు రాశారు, ఎవరిదో చెప్పలేం అని ముగ్గురికీ రాశాను. ముగ్గురూ ఫొటో అడిగారు. హరీశ్ ముఖర్జీ రోడ్డులో స్టూడియోకు తీసుకెళ్ళాను. తెల్లచీర కట్టుకుని, కెమెరా వైపు కళ్ళార్పకుండా చూసింది. ఆ ఫొటో ముగ్గురికీ పంపాను.

పది రోజుల్లో మూడు జవాబులు వచ్చాయి. కటక్ ఆవిడ తన ఫొటో ఒకటి పంపి, అద్దంలో నన్ను నేను చూసుకున్నట్టుంది, ఇది మా కుంతలే అని రాసింది. చిట్టగాంగ్ ఆయన తన తల్లి ముసలితనంలో తీయించుకున్న ఫొటో జతచేశాడు. మదురై తల్లి మాత్రం ఫొటో చేతిలోకి తీసుకుని, "ఇది నా కూతురు కాదు, మా అమ్మ. అచ్చం మా అమ్మే" అందట. ఎప్పుడో పోయిన తల్లి తిరిగొచ్చినట్టు ఆ ఫొటోకు దణ్ణం పెట్టిందట.

చిట్టగాంగ్ ఫొటో తెర మీద పెట్టి చూశాను. పక్కన సింహాచలమ్మ కూర్చుని ఉంది. చెంపలు, కళ్ళ కింద గుంటలు, పెదవి వంపు, అన్నీ అవే. ఆ వెంటనే కటక్ ఆవిడ పంపిన ఫొటో పెట్టాను. అదీ ఆ ముఖమే. ఒకరికొకరు ఏమీ కాని ఇద్దరు మనుషులు, నా పక్కనున్న మూడో మనిషి ముఖంతో చూస్తున్నారు. కంప్యూటర్ కట్టేశాను.

"ఏటమ్మా, బెదిరిపోనావు?" అని నవ్వింది సింహాచలమ్మ. ఆమె అంత హాయిగా నవ్వడం అప్పుడే చూశాను. "ముసిల్దాన్నయ్యాను కదా. ముసిలోళ్ళ మొకాలన్నీ ఒకలాగే ఉంటాయి. ఉన్నీ, అందరికీ ఉన్నీ."

మిగిలిన రెండేళ్ళూ ముగ్గురి ఉత్తరాలూ వస్తూనే ఉన్నాయి. చదివి చెప్పేదాన్ని. ఎవరి మనవరాలికి పెళ్ళి, ఎవరి కంటికి ఆపరేషన్, అన్నీ గుర్తుపెట్టుకుని అడిగేది. ఎవరికీ నేను మీదాన్నని చెప్పమనలేదు, కాదని చెప్పమనలేదు. కటక్ ఆవిడ ఒకసారి రమ్మంటే, "ఎల్తే ఒకింటికే ఎల్లాల. ఒద్దులే" అంది.

2009 కార్తీకంలో, మల్లేశు ఇంట్లో, పగలు భోంచేసి పడుకున్నది మళ్ళీ లేవలేదు. పదకొండో రోజున అయ్యవారు పేరడిగితే మల్లేశు కాసేపు తడబడి, తర్వాత సింహాచలమ్మ అనే చెప్పాడు.

నేను మూడు ఊళ్ళకూ రాశాను. కటక్‌లో దీపం పెట్టారు. మదురైలో ముసలావిడ అప్పటికి పోయింది, ఆమె కొడుకు తల్లి ఫొటో పక్కనే ఈమె ఫొటో తగిలించాడట. చిట్టగాంగ్‌లో బీదవాళ్ళకు అన్నం పెట్టారు. ఆ సంగతి రాస్తూ మందుల షాపాయన చివర్లో ఒక మాట అడిగాడు. పోయేముందు మా అక్క మమ్మల్ని తలుచుకుందా అని.

తలుచుకుందని రాశాను.